ఇరుగుపొరుగు రాసిన క్యాన్సర్ చరిత్ర

1954 జూన్‌లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన అమెరికన్ మెడికల్ అసోసియేషన్ సమావేశంలో కైలర్ హామండ్, డేనియల్ హార్న్ అనే ఇద్దరు ఒక పత్రం చదివారు. ఇద్దరూ అమెరికన్ క్యాన్సర్ సొసైటీ గణాంక విభాగంలో పనిచేసేవాళ్లు. సిగరెట్ కాల్చే మగవాళ్లు, కాల్చనివాళ్ల కంటే ముందే చనిపోతున్నారని, కాకతాళీయం అని కొట్టిపారేయడానికి వీల్లేనంత పెద్ద తేడా అదని ఆ పత్రం తేల్చింది. పొగాకు మీద జరిగిన పోరాటాన్ని ఎవరు రాసినా ఆ ఇద్దరి పేర్లు తప్పకుండా వస్తాయి. ఆ లెక్కలకు మూలమైన ఫారాలను ఇళ్లకు వెళ్లి నింపించుకొచ్చిన 22,000 మంది వాలంటీర్ల ప్రస్తావన మాత్రం ఒక వాక్యంతో ముగుస్తుంది. సంస్థ దగ్గర డబ్బు చాలక వాళ్లను వాడుకున్నారని, డబ్బు ఉండి ఉంటే జీతగాళ్లే ఆ పని చేసేవాళ్లని అనుకోవడం మామూలు. ఆ అభిప్రాయం సగమే నిజం. వాలంటీర్లకు తాము వివరాలు సేకరించిన మనుషులతో ఉన్న పరిచయమే ఆ పరిశోధనను నిలబెట్టింది. అది ఏ జీతంతోనూ కొనగలిగింది కాదు. క్యాన్సర్ పరిశోధనలో జనం పాత్రకున్న డెబ్భై ఏళ్ల చరిత్రను అమెరికాలోనూ, మన శ్రీకాకుళం, ఖమ్మం జిల్లాల్లోనూ పరిశీలిస్తే ఒక సంగతి బయటపడుతుంది. ఆ పరిచయాన్ని గౌరవించినచోట పరిశోధన నిలిచింది. దాని స్థానంలో అధికారం చొరబడినచోట పరిశోధన పరువు పోగొట్టుకుంది.

ఆ 22,000 మంది 1952లో ఉన్నట్టుండి పుట్టుకురాలేదు. 1913లో న్యూయార్క్‌లో కొందరు వైద్యులు, వ్యాపారులు కలిసి క్యాన్సర్ నియంత్రణ కోసం ఒక సంఘం పెట్టారు. ఆ రోజుల్లో ఆ జబ్బు పేరు నలుగురిలో ఎత్తడానికే సంకోచించేవారు. సంఘం పెట్టిన ఇరవై ఏళ్ల తర్వాత కూడా దేశం మొత్తం మీద ఈ పనిలో ఉన్నవాళ్లు 15,000 మందికి మించలేదు. 1936లో మార్జొరీ ఇల్లిగ్ చొరవతో విమెన్స్ ఫీల్డ్ ఆర్మీ మొదలయ్యాక పరిస్థితి మారింది. సైన్యంలో లాగా ఖాకీ దుస్తులు, హోదాలు పెట్టుకున్న ఆ మహిళలు వీధివీధీ తిరిగి చందాలు పోగుచేశారు, జబ్బు తొలి లక్షణాలు చెప్పే కరపత్రాలు పంచారు. 1938 ముగిసేసరికి క్యాన్సర్ పనిలో ఉన్నవాళ్ల సంఖ్య పది రెట్లయింది. 1945లో సంఘం పేరు అమెరికన్ క్యాన్సర్ సొసైటీగా మారింది, నాయకత్వం కూడా మారింది. కానీ కౌంటీ కౌంటీకీ అల్లుకున్న ఆ మహిళల అల్లిక చెదరలేదు. చందాల కోసం, ప్రచారం కోసం కట్టిన ఆ నిర్మాణాన్ని శాస్త్రం కోసం వాడుకోవచ్చన్న ఆలోచన మాత్రం అప్పటికి ఎవరికీ రాలేదు.

ఆ అవసరాన్ని తెచ్చింది 1950వ సంవత్సరం. ఆ ఏడాది అమెరికాలో విండర్, గ్రాహం, బ్రిటన్‌లో రిచర్డ్ డాల్, బ్రాడ్‌ఫర్డ్ హిల్ ప్రచురించిన అధ్యయనాలు ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు, సిగరెట్‌కు సంబంధం ఉందని చూపించాయి. ఆసుపత్రిలో ఉన్న రోగులను, ఆ జబ్బు లేనివాళ్లను పక్కపక్కన పెట్టి, ఇన్నేళ్లుగా ఎన్ని సిగరెట్లు కాల్చారని అడగడం వాటి పద్ధతి. దాని మీద వచ్చిన అభ్యంతరం సహేతుకమైనదే. మంచాన పడ్డవాడు తన గతాన్ని తవ్వుకుని కారణం వెతుక్కుంటాడు, అడిగేవాడికి కూడా ఏ జవాబు రావాలో ముందే తెలిసి ఉండవచ్చు. దీనికి విరుగుడు ఒక్కటే. ఆరోగ్యంగా ఉన్నవాళ్ల అలవాట్లను ముందే రాసిపెట్టుకుని, ఏళ్ల తరబడి వాళ్లను వెంబడించి, ఎవరు ఎప్పుడు దేనితో పోయారో చూడాలి. బ్రిటన్‌లో డాల్, హిల్ 1951లో దేశంలోని వైద్యులందరికీ ఉత్తరాలు రాసి, నలభై వేలకు పైగా జవాబులు రాబట్టారు. వైద్యుల పేర్లు రిజిస్టర్‌లో ఉంటాయి కాబట్టి వాళ్ల ఆచూకీ తప్పిపోదు. అమెరికాలో మామూలు జనాన్ని వెంబడించాలంటే అలాంటి రిజిస్టర్ లేదు. మనుషులు ఇళ్లు మారతారు, ఊళ్లు మారతారు. ఆ రిజిస్టర్ లోటును హామండ్, హార్న్ వాలంటీర్లతో పూడ్చారు.

వాళ్లు వేసిన పథకం చూడటానికి చాలా సాదాగా ఉంటుంది. తొమ్మిది రాష్ట్రాల్లోని 394 కౌంటీల్లో, 1952 జనవరి నుంచి మే వరకు, శిక్షణ పొందిన ఒక్కో వాలంటీర్ తనకు బాగా తెలిసిన, 50 నుంచి 69 ఏళ్ల వయసున్న ఓ పది మంది మగవాళ్లతో చిన్న ప్రశ్నావళి నింపించాలి. సిగరెట్టా, చుట్టా, పైపా, రోజుకు ఎన్ని, ఎప్పటినుంచి, మానేసి ఉంటే ఎప్పుడు, ఇవీ అందులో ముఖ్యమైన ప్రశ్నలు. వాలంటీర్లలో ఆడవాళ్లే ఎక్కువ. జవాబిచ్చినవాళ్లు వాళ్ల బంధువులు, వీధివాళ్లు, చర్చిలో కలిసేవాళ్లు, భర్తతో పనిచేసేవాళ్లు. అసలు పని ఆ తర్వాత మొదలవుతుంది. ప్రతి సంవత్సరం నవంబర్‌లో ఆమె తన జాబితా ముందేసుకుని ఒక్కో పేరు ఎదురుగా ఆ మనిషి బతికున్నాడో, చనిపోయాడో, ఆచూకీ తెలియలేదో రాసి పంపాలి. చనిపోయాడని రాస్తే, ఎప్పుడు, ఎక్కడ అన్నది చేర్చాలి. ఏ జబ్బుతో పోయాడన్నది తేల్చే బాధ్యత ఆమెది కాదు. ఆ వివరం రాష్ట్ర ఆరోగ్యశాఖ దగ్గరున్న మరణ ధ్రువపత్రం నుంచి వచ్చేది. అందులో క్యాన్సర్ అని ఉంటే చికిత్స చేసిన వైద్యుణ్నీ, ఆసుపత్రినీ అడిగి నిర్ధారించుకునేవారు.

ఈ పని విభజనలోనే ఆ పరిశోధన తెలివంతా ఉంది. ఇరుగుపొరుగుకు ఏం తెలుస్తుందో అది మాత్రమే వాళ్లను అడిగారు, తెలియనిదాన్ని వైద్యులకు వదిలేశారు. పక్కింటాయన ఊపిరితిత్తుల్లో ఏముందో ఆమెకు తెలియదు. ఆయన ఇల్లు ఖాళీ చేసి కూతురి దగ్గరికి వెళ్లిపోయాడని, కిందటి సంక్రాంతికి కనిపించినవాడు ఈ సంక్రాంతికి లేడని పొరుగువాళ్లకు తెలిసినట్టు ఏ కార్యాలయానికీ తెలియదు. ఈ రకం అధ్యయనాలను పాడుచేసేది ఆచూకీ తప్పిపోయినవాళ్ల సంఖ్యే. నూటికి ఇరవై మంది కనబడకుండా పోతే, ఆ ఇరవై మందీ చనిపోయారేమో, సిగరెట్ కాల్చేవాళ్లంతా అందులోనే ఉన్నారేమో అన్న అనుమానం మొత్తం లెక్కను తినేస్తుంది. హామండ్, హార్న్ మొదట చేర్చుకున్న 1,89,854 మందిలో 1,87,783 మంది ఆచూకీ 1955 అక్టోబర్ దాకా దొరికింది. అంటే దాదాపు 99 శాతం. అద్దెకు తెచ్చిన సర్వేయర్ నాలుగేళ్ల తర్వాత అదే గుమ్మం ముందుకు వచ్చినా, అతను ఎవరో ఆ ఇంటివాళ్లకు గుర్తుండదు. వాలంటీర్‌కు ఆ ఇంటితో ఉన్న రాకపోకలు ఈ ఫారం కోసం మొదలైనవి కావు, ఫారంతో ముగిసేవీ కావు.

ఫలితం అనుకున్నదానికంటే ముందే వచ్చింది. ఇంకొన్నాళ్లు ఆగి చెబుదామనుకున్న పరిశోధకులు, ఇరవై నెలలకే 4,854 మరణాలు నమోదై తేడా స్పష్టంగా కనిపించడంతో ఆగలేకపోయారు. ఇద్దరూ అంతకుముందు సిగరెట్ కాల్చేవాళ్లే. తమ లెక్కలు తామే చూసి సిగరెట్ వదిలి పైపుకు మారారు. 1958లో వచ్చిన తుది నివేదిక నాటికి 11,870 మరణాలు చేరాయి. రోజూ సిగరెట్ కాల్చే అలవాటున్నవాళ్లలో 7,316 మంది చనిపోయారు. ఎన్నడూ కాల్చనివాళ్ల మరణాల రేటే వీళ్లకూ వర్తించి ఉంటే ఆ సంఖ్య 4,651 దగ్గర ఆగేది. అదనంగా పోయిన 2,665 ప్రాణాల్లో సగానికి పైగా గుండె రక్తనాళాల జబ్బు వల్ల పోయినవి, ఊపిరితిత్తుల క్యాన్సర్ వాటా 13.5 శాతమే. క్యాన్సర్ కోసం వెతికినవాళ్లకు సిగరెట్ గుండెకు చేసే చేటు అంతకంటే పెద్దదిగా కనిపించింది. ఆసుపత్రిలో క్యాన్సర్ రోగుల మంచాల దగ్గర నిలబడి ప్రశ్నలు అడిగే పద్ధతిలో ఈ సంగతి బయటపడే అవకాశమే లేదు. మామూలు మనుషుల్ని, మామూలుగా బతుకుతున్నప్పుడే లెక్కలోకి తీసుకోవడం వల్ల వచ్చిన ఫలితం ఇది.

దీనికి బలమైన అభ్యంతరం పొగాకు కంపెనీల నుంచి కాక, మేయో క్లినిక్ గణాంకవేత్త జోసెఫ్ బెర్క్‌సన్ నుంచి వచ్చింది. వాలంటీర్ తనకు తెలిసినవాళ్లను ఎంచుకుందంటే, అది లాటరీ తీసినట్టు తీసిన నమూనా కాదు. ఈ అధ్యయనంలో చేరినవాళ్ల మరణాల రేటు దేశ సగటు కంటే బాగా తక్కువగా ఉందని, అంటే జబ్బుపడ్డవాళ్లు ముందే జారిపోయారని, ఆ జారిపోవడం కాల్చేవాళ్లలో ఒకలా, కాల్చనివాళ్లలో ఇంకోలా జరిగి ఉంటే లేని సంబంధం ఉన్నట్టు కనబడుతుందని ఆయన వాదన. తర్కంగా అది తిరుగులేనిదే. కానీ ఆ తర్కంలోనే దాన్ని పరీక్షించే మార్గమూ ఉంది. చేరిన రోజున ఆరోగ్యంగా ఉండటం వల్ల వచ్చిన తేడా అయితే, ఏళ్లు గడిచేకొద్దీ అది కరిగిపోవాలి. సంవత్సరాల వారీగా విడదీసి చూస్తే సిగరెట్ తేడా కరగలేదు. కాల్చే సిగరెట్లు పెరిగేకొద్దీ మరణాలు పెరిగాయి, మానేసినవాళ్లలో తగ్గాయి. ఉత్తరాలతో నడిచిన బ్రిటిష్ అధ్యయనం కూడా అదే చెప్పింది. 1959లో జెరోమ్ కార్న్‌ఫీల్డ్, హామండ్ తదితరులు ఇంకో మాట చేర్చారు. కాల్చేవాళ్లకు ముప్పు తొమ్మిది రెట్లు ఎక్కువగా ఉంటే, దానికి వేరే రహస్య కారణం ఉందనేవాళ్లు ఆ కారణం కూడా కాల్చేవాళ్లలో కనీసం తొమ్మిది రెట్లు ఎక్కువగా ఉందని చూపించాలి. అలాంటిది ఎవరూ చూపించలేకపోయారు. పరిచయంతో ఎంచుకున్న నమూనా దేశ జనాభాకు నిలువుటద్దం కాదు. ఆ నమూనా లోపల కాల్చేవాళ్లకూ కాల్చనివాళ్లకూ మధ్య పోలిక మాత్రం సరైనదే, కావలసింది కూడా ఆ పోలికే.

రెండో అభ్యంతరం ఇంత తేలిగ్గా తీరేది కాదు. 1952 అధ్యయనంలో చేర్చుకున్నది తెల్ల మగవాళ్లను మాత్రమే. 1959లో మొదలైన పెద్ద అధ్యయనంలో ఆడవాళ్లు చేరారు గానీ, అందులోనూ నల్లజాతివాళ్లు చాలా కొద్దిమంది. వాలంటీర్ ఏ వీధిలో ఉంటే పరిశోధన ఆ వీధికే పరిమితమైంది. పరిచయానికి గోడలుంటాయి, అవి సమాజం కట్టిన గోడలే. అదే కాలంలో అలబామాలోని టస్కీగీలో నల్లజాతివాళ్ల మీద జరిగినది దీనికి మరో ముఖం. 1932 నుంచి 1972 వరకు ప్రభుత్వ ఆరోగ్యశాఖ సిఫిలిస్ ఉన్న 399 మందిని, జబ్బు లేని 201 మందిని వెంబడించింది. పెన్సిలిన్ వచ్చాక కూడా వాళ్లకు ఇవ్వలేదు. అక్కడా పరిచయమే పనిచేసింది. యూనిస్ రివర్స్ అనే నర్సు వాళ్లను పేరుపేరునా ఎరుగును, తన కారులో పరీక్షలకు తీసుకెళ్లేది. అంత్యక్రియల ఖర్చు ఇస్తామన్న మాటతో శవపరీక్షలకు కుటుంబాలను ఒప్పించారు. కాబట్టి పరిచయం దానంతట అదే నీతి అయిపోదు. హామండ్ వాలంటీర్ వెనక దాచిన రహస్యం లేదు. ఆమె అడిగినదేమిటో, ఎందుకో ఎదుటివాడికి తెలుసు, కాదని తలుపు వేసుకునే వీలూ ఉంది. టస్కీగీలో మనుషుల నమ్మకాన్ని నిజం కప్పిపెట్టడానికి వాడుకున్నారు. ఆ తేడాను కొలిచే గీటురాయి ఒకటే: వచ్చినావిడ దగ్గరున్న నిజం మొత్తం ఇంటివాళ్లకు చెప్పిందా లేదా?

అమెరికాలో ఆ పద్ధతి అక్కడితో ఆగలేదు. 1959 అక్టోబర్‌లో మొదలైన క్యాన్సర్ ప్రివెన్షన్ స్టడీలో 68,000 మంది వాలంటీర్లు 25 రాష్ట్రాల్లో పది లక్షల మందికి పైగా చేర్చారు. 1964 జనవరి 11న సర్జన్ జనరల్ లూథర్ టెర్రీ పొగాకు మీద విడుదల చేసిన నివేదిక ఆధారపడిన ఏడు పెద్ద అధ్యయనాల్లో హామండ్‌వి రెండూ ఉన్నాయి. 1982లో రెండో విడత మొదలైంది. 77,000 మంది వాలంటీర్లు, దాదాపు 12 లక్షల మంది సభ్యులు. క్రమం తప్పక ఆస్పిరిన్ వేసుకునేవాళ్లలో పెద్దపేగు క్యాన్సర్ మరణాలు తక్కువని 1991లో తేలింది ఈ ఫారాల నుంచే. ఇంకా ఆశ్చర్యకరమైన ఉపయోగం మరొకటి. ఫారం మీద ఇంటి చిరునామా ఉంది కదా, ఆ ఊరి గాలిలో సన్నని ధూళి ఎంతో కొలతలు వేరేచోట ఉన్నాయి. ఆర్డెన్ పోప్ తదితరులు ఆ రెంటినీ కలిపి చూసి, ధూళి ఎక్కువున్న నగరాల్లో మరణాలు ఎక్కువని 1995లో, ఊపిరితిత్తుల క్యాన్సర్ మరణాలూ ఎక్కువని 2002లో చూపించారు. 1997లో అమెరికా ప్రభుత్వం సన్నని ధూళికి తొలిసారి పరిమితి పెట్టినప్పుడు ఆధారాల్లో ఇది ముఖ్యమైనది. 1982లో పొరుగింటి తలుపు తట్టినావిడకు తాను వాయు కాలుష్య చట్టానికి సాక్ష్యం రాస్తున్నానన్న ఊహ కూడా ఉండదు.

మన దగ్గర ఈ చరిత్ర వేరే రూపంలో నడిచింది. ఉత్తరాంధ్ర తీరంలో చుట్టను నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని కాల్చే అలవాటు ఉంది. దాన్ని అడ్డపొగ అంటారు. ఆడవాళ్లలోనే ఎక్కువ. పొలంలోనో, వంటింట్లోనో పని చేసుకుంటూ పెదవులు బిగించి పొగ పీలిస్తే గాలికి నిప్పు ఆరదు, బూడిద రాలదు, చుట్ట ఎక్కువసేపు వస్తుంది. ఆ వేడంతా అంగిలికి తగులుతుంది. మామూలుగా నోటి క్యాన్సర్ అరుదుగా వచ్చే చోటు అది. తీరాంధ్రలో అంగిలి క్యాన్సర్‌కు, ఈ అలవాటుకు సంబంధం ఉందని తెలుగు వైద్యులు 1957లోనే వైద్య పత్రికలో రాశారు. ఆసుపత్రికి వచ్చినవాళ్లను చూసి రాసినది కాబట్టి ఊళ్లలో అసలు పరిస్థితి ఏమిటన్నది తేలాలి. బొంబాయిలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్‌కు చెందిన దంత పరిశోధన విభాగం నుంచి ఫాలీ మెహతా బృందం, డెన్మార్క్ శాస్త్రవేత్త యెన్స్ పిండ్‌బోర్గ్ కలిసి 1960ల చివర్లో దేశంలోని అయిదు జిల్లాల్లో 50,915 మంది గ్రామస్థుల నోళ్లు పరీక్షించారు. శ్రీకాకుళం జిల్లాలో అలా ఇంటింటికీ వెళ్లి చూసినవాళ్లు 10,169 మంది. అందులో 43.8 శాతం మందికి అడ్డపొగ అలవాటుందని 1971లో ప్రచురించారు.

ఇక్కడ తలుపు తట్టినవాళ్లు జీతం తీసుకునే దంతవైద్యులు, సిబ్బంది. స్వచ్ఛందంగా ఇచ్చినవాళ్లు ఊరి జనం. వాళ్లిచ్చింది చిన్నదేం కాదు. ఏ నొప్పీ లేని మనిషి, ముఖ్యంగా ఆడమనిషి, భాష రాని ఊరి నుంచి వచ్చిన వైద్యుడి ముందు చుట్ట తీసి నోరు తెరిచి, అంగిలి మీది తెల్ల మచ్చలు, ఎర్ర చుక్కలు చూపించాలి. ఒక్కసారి చూపిస్తే చాలదు. మచ్చ ఉన్నవాళ్లందరికీ క్యాన్సర్ రాదు, ఎవరికి వస్తుందో తెలియాలంటే మళ్లీ మళ్లీ చూడాలి. అందుకే పదేళ్ల పాటు అవే ఊళ్లకు వెళ్లారు. 1977 తర్వాత శ్రీకాకుళం, ఎర్నాకుళం, భావ్‌నగర్ జిల్లాల్లో పొగాకు అలవాటున్న 36,471 మందిని తీసుకుని, ఏటా నోరు పరీక్షించడంతో పాటు మానమని నచ్చచెప్పడం మొదలుపెట్టారు. ఎదురెదురుగా కూర్చుని చెప్పారు, సినిమాలు వేశారు, పోస్టర్లు అంటించారు. 1986లో లాన్సెట్ పత్రికలో వచ్చిన నివేదిక ప్రకారం, చెప్పనివాళ్లతో పోలిస్తే చెప్పినవాళ్లలో అలవాటు మానినవాళ్లు ఎక్కువ. మాటతో పొగాకు అలవాటు తగ్గించవచ్చని పెద్ద ఎత్తున చూపించిన తొలి అధ్యయనాల్లో అదొకటి. ఏటేటా అవే గుమ్మాలకు వెళ్లడం వల్ల పరాయివాళ్లు కూడా ఎరిగినవాళ్లయ్యారు. పరిచయం ముందుగా లేనిచోట దాన్ని సంపాదించుకోవచ్చని, అయితే దానికి ఏళ్లు పడుతుందని శ్రీకాకుళం చెబుతుంది.

ఏళ్లు పెట్టకుండా పని కానిద్దామనుకుంటే ఏమవుతుందో ఖమ్మం చెబుతుంది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను అడ్డుకునే హెచ్‌పీవీ టీకాను జనంలోకి ఎలా తీసుకెళ్లాలో తెలుసుకోవడానికి 2009 జూలైలో పాత్ అనే అమెరికన్ సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి ఖమ్మం జిల్లాలో ఒక ప్రాజెక్టు మొదలుపెట్టాయి. భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలు దాదాపు 14,000 మందికి టీకా వేశారు. వాళ్లలో ఆశ్రమ పాఠశాలల్లో, హాస్టళ్లలో ఉండే గిరిజన బాలికలు ఎందరో. పిల్లల మరణాల వార్తలు, మహిళా సంఘాల నిరసనలతో 2010 ఏప్రిల్‌లో ప్రాజెక్టు ఆగిపోయింది. ఆ మరణాలకు టీకా కారణమనడానికి ఆధారం లేదని విచారణ సంఘం చెప్పింది. సమ్మతి పత్రాల సంగతి మాత్రం ఎవరూ సమర్థించుకోలేకపోయారు. చూసిన 9,543 పత్రాల్లో 2,763 మీద సంతకాలు పెట్టింది హాస్టల్ వార్డెన్లు, 1,948 మీద ఉన్నవి వేలిముద్రలు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం తన నివేదికలో దీన్ని తీవ్రంగా తప్పుపట్టింది. టీకా మంచిదే, ప్రపంచమంతా ఇప్పుడు వాడుతున్నదే. అయినా కన్నవాళ్ల స్థానంలో వార్డెన్ సంతకం పెట్టడం వల్ల ఆ మంచి టీకా మీద కూడా అనుమానం మిగిలిపోయింది. శ్రీకాకుళంలో నోరు తెరవడానికి ఒప్పుకున్నది ఆ మనిషి. ఖమ్మంలో చెయ్యి చాచమని చెప్పింది హోదా.

కంప్యూటర్లు, ఆధార్ సంఖ్యలు, ఆసుపత్రి రికార్డులు వచ్చాక ఈ మనిషి పరిచయాలతో పనేమిటని అడిగేవాళ్లున్నారు. అమెరికాలో కూడా 1988 తర్వాత వాలంటీర్ల చేత ఆచూకీ తీయించడం మానేసి, జాతీయ మరణ సూచికతో పేర్లు సరిపోల్చుకుంటున్నారు. ప్రశ్న సబబే, జవాబుకు రెండు భాగాలు. మొదటిది, సూచిక మరణాన్ని చెబుతుంది, బతుకును చెప్పదు. పొగ ఎంత కాల్చాడు, ఏం తిన్నాడు, ఎక్కడ పనిచేశాడు అన్నది ఇప్పటికీ ఎవరో ఒకరు అడగాలి, ఇంకొకరు మనస్ఫూర్తిగా చెప్పాలి. అందుకే అదే సొసైటీ 2006 నుంచి 2013 వరకు మూడో విడతలో మూడు లక్షల మందికి పైగా చేర్చుకున్నప్పుడు మళ్లీ స్థానిక వాలంటీర్లనే నమ్ముకుంది. ఈసారి సభ్యులు రక్తం కూడా ఇచ్చారు. రెండోది, మన దేశంలో ఆ సూచికే లేదు. 2020 లెక్కల ప్రకారం నమోదైన మరణాల్లో వైద్యుడు కారణం ధ్రువీకరించినవి నాలుగో వంతుకు కూడా రాలేదు. ఇంట్లో పోయిన మనిషి ఎలా పోయాడో చెప్పగలిగింది ఇంటివాళ్లే. 2001 తర్వాత రిజిస్ట్రార్ జనరల్ కార్యాలయం, ప్రభాత్ ఝా బృందం కలిసి చేసిన మిలియన్ డెత్ స్టడీ అలా కుటుంబసభ్యుల నోటి మాటను రాసుకుని, దాన్ని ఇద్దరేసి వైద్యుల చేత విడివిడిగా చదివించి కారణం తేల్చింది. 1952లో చేసిన పని విభజనే ఇది. తెలిసినవాళ్లు తెలిసింది చెప్పారు, జబ్బు పేరు వైద్యుడు పెట్టాడు.

మిగిలిన అభ్యంతరం అన్నిటికంటే న్యాయమైనది. స్వచ్ఛంద సేవ పేరుతో పేద ఆడవాళ్ల చేత వెట్టి చేయించుకోవడం కాదా ఇది? అమెరికాలో 1952లో ఫారాలు నింపించినావిడకు ఇల్లు గడవడానికి ఆ పని అవసరం లేదు, తీరిక ఉండి చేసింది. 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్‌తో వచ్చిన ఆశా కార్యకర్త పరిస్థితి అది కాదు. కాగితం మీద ఆమె గౌరవ స్వచ్ఛంద కార్యకర్త, చేతికొచ్చేది జీతం కాదు, ప్రోత్సాహకం. ముప్పై ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరి దగ్గరా ఆమె నింపే ఫారం తీసి చూడండి. పొగాకు వాడతారా, మద్యం తాగుతారా, నడుం కొలత ఎంత, నోట్లో మానని పుండు ఉందా, రొమ్ములో గడ్డ తగిలిందా అని ఉంటాయి. హామండ్ కలలో కూడా చూడనంత వివరమైన ప్రశ్నావళి, ఆయనకున్న వాలంటీర్ల కంటే చాలా ఎక్కువమంది చేతుల్లో, అదీ సొంత ఊళ్లో నడుస్తోంది. ఆ ఫారం నింపేవాళ్ల పని ఉచితంగా ఉండితీరాలని చరిత్రలో ఎక్కడా లేదు. పరిచయం డబ్బుతో పుట్టదన్నంత మాత్రాన, పరిచయం ఉన్నవాళ్లకు డబ్బు ఇవ్వకూడదని కాదు. శ్రీకాకుళంలో జీతం తీసుకున్న సిబ్బందే నమ్మకాన్ని సంపాదించారు. ఊరివాళ్లే ఆ పని చేయాలన్నది ఒక షరతు, వాళ్లకు న్యాయమైన జీతం ఉండాలన్నది ఇంకో షరతు. ఒకటి రెండోదానికి అడ్డం కాదు.

ఈ చరిత్ర నుంచి తెలుగు రాష్ట్రాల ఆరోగ్యశాఖలకు, వైద్య కళాశాలలకు తేలే పాఠం స్పష్టంగానే ఉంది. క్యాన్సర్ ఎవరికి ఎందుకు వస్తోందో తెలుసుకోవడానికి అవసరమైన మనుషులు, ఫారాలు, ఇళ్లతో పరిచయం మన దగ్గర ఇప్పటికే ఉన్నాయి. లేనివి మూడు. ఫారం నింపే ఆశా కార్యకర్తకు కార్మికురాలిగా గుర్తింపు, జీతం ఇవ్వాలి. ఆ ఫారాలు పై అధికారి లక్ష్యాల పట్టికలో అంకెలుగా ముగిసిపోకుండా, అయిదేళ్లకు, పదేళ్లకు అవే ఇళ్లకు తిరిగి వెళ్లే అధ్యయనాలుగా మారాలి. అడిగిన ప్రతి ప్రశ్నా ఎందుకు అడుగుతున్నారో, చివరికి ఏం తేలిందో ఆ ఊరికి, ఆ ఊరి భాషలో చెప్పాలి. వద్దన్నవాళ్లను వదిలేయాలి, సంతకం ఎవరిదో వాళ్లే పెట్టాలి. ఈ మూడింటిలో దేనికీ కొత్త కనుగోలు కోసం ఎదురుచూడనక్కర్లేదు. ప్రభుత్వం ఉత్తర్వు ఇస్తే జరిగే పనులే అన్నీ.